‘కనెక్టింగ్...’: వీడియో కాల్స్‌లోనే నడిచిన కామెడీ నాలుగు వారాలకే ఎందుకు ఆగిపోయింది?

తీరికవేళ

అమెరికాలో ఎన్‌బీసీ చానల్ 2020 అక్టోబరు 8న ‘కనెక్టింగ్...’ అనే అరగంట కామెడీ సీరియల్ మొదలుపెట్టింది. లాస్ ఏంజెలెస్‌లో ఒక స్నేహితుల గుంపు. కరోనా వల్ల ఎవరిళ్ళలో వాళ్ళు చిక్కుకుపోయారు. వీడియో కాల్‌లో కలుసుకోవడం, వాదించుకోవడం, ఏడవడం, మళ్ళీ నవ్వుకోవడం, ఇదే కథ. తెర మీద ఎప్పుడు చూసినా గళ్ళు, ఒక్కో గడిలో ఒక్కో మొహం. మార్టిన్ గీరో, బ్రెండన్ గాల్ దీన్ని తయారుచేశారు. ఎనిమిది ఎపిసోడ్లు తీస్తే నాలుగే టీవీలో వచ్చాయి. నవంబరు మొదట్లో ఆపేసి, మిగిలినవి ఆన్‌లైన్‌లో పెట్టారు.

ఈమధ్య వరసగా అన్నీ చూశాను. ఇంత త్వరగా ఆపేయాల్సిన సీరియల్ కాదని గట్టిగా అనిపించింది. యానీకి బెన్ అంటే ఇష్టం, కానీ ఇంకా చెప్పలేదు. ఇప్పుడు ఎదురుపడి చెప్పే వీలు కూడా లేదు. రూఫస్‌కి ప్రతిదాంట్లో కుట్ర కనిపిస్తుంది. గారెట్, మిషెల్ భార్యాభర్తలు, ఇద్దరూ ఒకే గడిలో సర్దుకుని కూర్చుంటారు. ప్రదీప్‌ని పిల్లలు ఒక్క నిమిషం వదలరు. మొదటి పావుగంటలోనే వీళ్ళు నాకు దగ్గరైపోయారు.

మరి జనం ఎందుకు చూడలేదు? అప్పట్లో చూసినవాళ్ళు ఉంటే చెప్పండి. లాక్‌డౌన్‌లో ఇళ్ళ నుంచే తీసిన ఇలాంటివి ఇంకేమైనా చూసి ఉంటే వాటి గురించి కూడా రాయండి.

డల్లాస్_గోపి

టీవీలో వచ్చినప్పుడే చూశాను, గురువారం రాత్రి. మొదట్లో కొంత చూసి వదిలేశాను.

సీరియల్ బాగాలేక కాదు. ఆ రోజులు అలాంటివి. పొద్దున లేస్తే ఆఫీసు మీటింగ్ వీడియోలో. పక్క గదిలో అమ్మాయి స్కూలు వీడియోలో. సాయంత్రం గుడి వాళ్ళ భజన వీడియోలో, రాత్రి ఇండియాలో అమ్మానాన్నలతో మాటలు వీడియోలో. జూమ్ వాళ్ళు చెప్పిన లెక్క ప్రకారం 2019 డిసెంబరులో రోజుకి కోటి మంది దాకా మీటింగుల్లో పాల్గొనేవాళ్ళు. 2020 ఏప్రిల్‌కి అది 30 కోట్లకి చేరింది. పగలంతా ఆ గళ్ళు చూసి, రాత్రి భోంచేసి టీవీ పెడితే మళ్ళీ అవే గళ్ళు. పని అయిపోయిందన్న భావనే రాలేదు.

పైగా అది ఎన్నికల సమయం, నవంబరు 3న పోలింగ్. కేసులు మళ్ళీ పెరుగుతున్నాయి. మా ఇంట్లో అందరం కరోనా ఊసే లేని పాత కామెడీలు వెతుక్కుని చూసేవాళ్ళం. చానల్ వాళ్ళు ఆ టైములో దీన్ని ఎందుకు తెచ్చారో అర్థమైంది. స్టూడియోలు మూతపడ్డాయి, ఇళ్ళ నుంచి తీయగలిగింది ఇదే. చూసేవాళ్ళ మనసు మాత్రం అప్పటికి ఇంకోచోట ఉంది.

కత్తెర

నాది ఎడిటింగ్ పని, ఆ వైపు నుంచి చెప్తాను.

కామెడీకి మాటకీ మాటకీ మధ్య ఖాళీయే ప్రాణం. ఎదురెదురుగా మాట్లాడుకునేటప్పుడు ఒకరు ఆపాక ఇంకొకరు అందుకోవడానికి సగటున సెకనులో అయిదో వంతు పడుతుందని పరిశోధకులు రకరకాల భాషల్లో కొలిచి చెప్పారు. వీడియో కాల్‌లో మాట నెట్ మీదుగా అవతలికి చేరడానికే దాదాపు అంత పడుతుంది, ఒక్కోసారి ఎక్కువే పడుతుంది. అందుకే ఇద్దరం ఒకేసారి మొదలుపెట్టి, ఒకేసారి ఆగి, ‘నువ్వు చెప్పు’, ‘లేదు, నువ్వే చెప్పు’ అనుకుంటాం. జోకు అక్కడే చచ్చిపోతుంది.

అందువల్ల నిజంగా జరిగే కాల్‌ని రికార్డు చేసి చూపిస్తే కామెడీ నిలవదు. ‘కనెక్టింగ్...’ నటులు ఎవరిళ్ళలో వాళ్ళుండి ఐఫోన్లతో తీసుకున్నారు. ఒక్కొక్కరి దృశ్యం విడిగా, శుభ్రంగా వస్తుంది. తర్వాత వాటిని పక్కపక్కన పేర్చి, ఎవరి మాట మీద ఎవరి మాట పడాలో, ఎవరు ఎంతసేపు ఆగాలో కూర్చుకోవాలి. చూసేవాళ్ళకి అది మామూలు కాల్‌లాగే కనిపిస్తుంది. కానీ ఆ తడబాటు కూడా ఎడిటర్ చేత్తో పెట్టిందే.

1951లో ‘ఐ లవ్ లూసీ’ మొదలైనప్పటి నుంచి అమెరికా కామెడీలకి ఒక పద్ధతి స్థిరపడింది. మూడు కెమెరాలు, ఎదురుగా కూర్చున్న జనం. నటుడు ఒక మాట అని, నవ్వు తగ్గేదాకా ఆగి, తర్వాతి మాట అంటాడు. ఎంతసేపు ఆగాలో జనమే చెప్తారు. ఇక్కడ నటుడు ఖాళీ గదిలో ఫోన్‌కి చెప్పుకోవాలి. ఆ మాటకొస్తే వీళ్ళు చేసింది చాలా కష్టమైన పని.

చూపు ఇంకో సమస్య. ఎదుటివాళ్ళ మొహం చూస్తే మన కళ్ళు కిందికి దిగినట్టు కనిపిస్తాయి. కెమెరాలోకి చూస్తే ఎదుటివాళ్ళు మనకి కనిపించరు. ఇద్దరు ప్రేమించుకునేవాళ్ళు కళ్ళలోకి చూసుకునే సీన్ ఈ పద్ధతిలో తీయడమే కుదరదు. యానీ, బెన్ కథ అందుకే కొంచెం చప్పగా ఉంటుందని నా అనుమానం. రాసినవాళ్ళ లోపం అక్కడ తక్కువ.

తలుపు కూడా లేదు. కామెడీలో సగం నవ్వులు తలుపు తీసుకుని ఎవరో రావడంలోనే పుడతాయి. ఇక్కడ ఆ పని కొత్త గడి చేయాలి. ‘కనెక్టింగ్...’ వాళ్ళు దాన్ని బాగా వాడుకున్నారు. ఇద్దరి మధ్య రహస్యం నడుస్తుండగా మూడో మొహం ప్రత్యక్షమైతే, పాత సీరియల్‌లో తలుపు తెరుచుకున్నంత పని జరుగుతుంది.

మోడరేటర్

చివరి ఎపిసోడ్ల కథ చెప్పేవాళ్ళు ముందు ఒక హెచ్చరిక రాయండి. డౌన్‌లోడ్ లింకులు పెట్టవద్దు.

సుధ_విజయవాడ

నాకు ప్రదీప్ పాత్ర గురించి చెప్పాలని ఉంది. ఆ వేషం వేసిన పర్వేశ్ చీనాని చాలామంది మర్చిపోయి ఉంటారు. 2010లో ఇదే ఎన్‌బీసీ ‘ఔట్‌సోర్స్‌డ్’ అని ముంబయి కాల్‌సెంటర్ మీద ఒక కామెడీ తెచ్చింది, ఒక్క సీజన్‌తో ఆగిపోయింది. అందులో గుప్తా ఈయనే. ఆ గుప్తా నోరు మూయకుండా మాట్లాడుతూ అందరి సహనం పరీక్షించే మనిషి. భారతీయుడు కాబట్టే నవ్వొచ్చేలా ఆ సీరియల్ మొత్తం రాశారు. నాకు అప్పుడే బాధగా ఉండేది.

పదేళ్ళకి అదే నటుడు, అదే చానల్. ఈసారి ప్రదీప్ ఇంట్లో పిల్లలతో అలిసిపోయిన తండ్రి, అంతే. అతని యాస మీద, తిండి మీద, పేరు మీద జోకులతో కథ నడవదు. పిల్లలు తలుపు కొడుతుంటే స్నేహితులతో కాసేపు పెద్దవాళ్ళ మాటలు మాట్లాడుకోవాలని తపించే మనిషి. లాక్‌డౌన్‌లో పిల్లలున్న ప్రతి ఇంట్లో అదే తపన. నాకు ఈ మార్పు చాలా పెద్దదిగా కనిపించింది.

ఎల్లిస్‌గా వేసిన శకీనా నేఫాక్ ట్రాన్స్ మహిళ. పెద్ద చానల్ కామెడీలో ఒక ట్రాన్స్ నటికి ప్రధాన పాత్ర దొరకడం అదే మొదటిసారని అప్పట్లో రాశారు. అది నాలుగు వారాల్లో తెర మీద నుంచి వెళ్ళిపోయింది. ఈ సీరియల్ ఆగిపోయిందంటే నాకు ఎక్కువ బాధ కలిగేది అందుకే. ఇలాంటి వాళ్ళకి ఒక అవకాశం వచ్చి పోతే, మళ్ళీ వచ్చేది ఎప్పుడో.

పాతసీరియల్

అందరూ టైము మీద తోసేస్తున్నారు. నేను ఒప్పుకోను. అదే 2020లో, అవే గళ్ళతో, బీబీసీలో ‘స్టేజ్డ్’ వచ్చింది. జూన్‌లో మొదలైంది, అంటే లాక్‌డౌన్ మధ్యలో. జనం చూశారు, ఆ తర్వాత ఇంకా రెండు సీజన్లు తీశారు. గళ్ళు చూసి విసిగిపోయారన్నదే కారణమైతే అది కూడా పోవాలి కదా.

డేవిడ్ టెనంట్, మైకేల్ షీన్ ఇద్దరూ సొంత పేర్లతోనే నటించారు. ఇటలీ రచయిత పిరాండెల్లో నాటకం ఒకటి వేయాల్సి ఉంది, థియేటర్లు మూసేశారు. ఖాళీగా ఉండకుండా వీడియోలో రిహార్సల్ చేద్దామని దర్శకుడు అడుగుతాడు. ఆ దర్శకుడు సైమన్ ఎవాన్స్, రాసిందీ తీసిందీ ఆయనే. మొదటి సీజన్ ఆరు ఎపిసోడ్లు, ఒక్కోటి పావుగంట. రిహార్సల్ మాత్రం ఎప్పటికీ జరగదు. పోస్టర్ మీద ఎవరి పేరు ముందు ఉండాలన్న దగ్గర ఇద్దరూ పట్టుబడతారు. టెనంట్ భార్య జార్జియా, షీన్ సహచరి ఆనా లుండ్‌బర్గ్ కూడా తమ పేర్లతోనే కనిపిస్తారు. నిజంగా ఒకే ఇంట్లో ఉండేవాళ్ళు కాబట్టి ఒకే గడిలోకి రాగలిగారు.

అందులో కరోనా గురించి మాట్లాడేది చాలా తక్కువ. ఇద్దరు మంచి స్నేహితులు, ఇద్దరికీ అహం ఎక్కువ, చేయడానికి పని లేదు. కథ అదే. వాళ్ళ కీచులాట మహమ్మారి లేకపోయినా నడుస్తుంది. ‘కనెక్టింగ్...’లో మహమ్మారి తీసేస్తే ఏం మిగులుతుందో చెప్పండి? యానీకి బెన్ అంటే ఇష్టం. అది ఒక్కటే. నాకు ఉన్న ఫిర్యాదు ఇదే. పాత్రల కన్నా పరిస్థితి ముందు నడిచింది.

అరగంట నిడివి కూడా ఎక్కువే. గళ్ళలో పావుగంట చాలు.

తీరికవేళ

పాతసీరియల్ గారూ, మీరు చెప్పిన దాంట్లో నాకు నచ్చింది ఉంది, నచ్చనిది ఉంది.

నచ్చింది: ‘కనెక్టింగ్...’ 2020 వసంతం నుంచి క్యాలెండర్ వెంట నడుస్తుంది. బయట ఏం జరిగితే అది వీళ్ళ కాల్‌లోకి రావాలన్న పట్టుదల కనిపిస్తుంది. అలా వచ్చినప్పుడు కొన్నిచోట్ల స్నేహితులు వార్తల మీద అభిప్రాయాలు చెప్పే మనుషులైపోతారు. అక్కడ నాకూ విసుగొచ్చింది.

నచ్చనిది: అన్నీ అలా లేవు. 2020 మే 25న మినియాపొలిస్‌లో పోలీసుల చేతిలో జార్జ్ ఫ్లాయిడ్ చనిపోయాక జరిగే ఎపిసోడ్ ఉంది. గారెట్, మిషెల్ నల్లజాతి దంపతులు. మిగతా స్నేహితులకి వాళ్ళతో ఏం మాట్లాడాలో తెలియదు. మాట్లాడకపోతే పట్టించుకోనట్టు, మాట్లాడితే ఆ ఇద్దరి మీద ఇంకో బరువు పెట్టినట్టు. బాధలో ఉన్నవాళ్ళే మిగతావాళ్ళ ఇబ్బందిని కూడా మోయాల్సి రావడం ఒక టీవీ కామెడీలో చూస్తానని అనుకోలేదు. వీడియో కాల్ కావడం వల్ల అది ఇంకా గట్టిగా తగిలింది. ఒక గదిలో అయితే చెయ్యి పట్టుకుని ఊరుకోవచ్చు. కాల్‌లో మౌనంగా ఉంటే నెట్ పోయిందేమో అనుకుంటారు. ఏదో ఒకటి అనాల్సిందే.

మహమ్మారి తీసేస్తే ఇది మిగలదు నిజమే. కానీ తీసేయాలని ఎందుకు అనుకోవాలి? ఆ నెలల్లో స్నేహం ఎలా నడిచిందో చూపించడానికే కదా ఇది తీశారు.

తెల్లకోటు

గుంటూరు నుంచి. ఆ రెండు సంవత్సరాలూ కోవిడ్ వార్డులో పనిచేశాను.

మొదటి ఎపిసోడ్‌లో జాజ్మిన్ వచ్చే సీన్ గురించి ఎవరూ రాయలేదు. మిగతా అందరూ లాస్ ఏంజెలెస్‌లో ఇళ్ళలో ఉంటారు. జాజ్మిన్ న్యూయార్క్‌లో ఆసుపత్రిలో పనిచేస్తుంది. అప్పటిదాకా సరదాగా నడుస్తున్న కాల్ ఆమె రాగానే మారిపోతుంది. తను చూసింది చెప్తుంది. మిగతా గళ్ళలో అందరూ వింటూ ఉంటారు.

ఆ వినే మొహాలు చూడండి. వాళ్ళు చేయగలిగింది ఏమీ లేదు. ధైర్యం చెప్పబోయి ఆగిపోతారు. మా వార్డు డ్యూటీ అయ్యాక నా స్నేహితులు వీడియోలో కలిసినప్పుడు వాళ్ళ మొహాలు అలాగే ఉండేవి. వాళ్ళ మీద నాకు కోపం రాలేదు. వాళ్ళు ఫోన్ పెట్టేయకుండా ఉన్నారు, నాకు అదే చాలనిపించేది. జాజ్మిన్ మొహంలో కూడా నాకు అదే కనిపించింది. సలహా కోసం ఆమె ఆ కాల్‌లోకి రాలేదు.

వార్డులో వీడియో కాల్ ఇంకో పని కూడా చేసింది. లోపలికి బంధువులని రానిచ్చేవాళ్ళం కాదు. ఫోన్‌ని ప్లాస్టిక్ కవర్‌లో పెట్టి, పేషెంటు మొహానికి దగ్గరగా పట్టుకునేవాళ్ళం. కూతురు అవతల నుంచి ‘నాన్నా, తిన్నావా’ అని అడుగుతుంది. ఆక్సిజన్ మాస్కు తీయకూడదు కాబట్టి ఆయన చెయ్యి ఊపుతాడు. అది చూశాక వీడియో కాల్ అంటే విసుగు అని నేను అనలేను.

కామెడీలో ఇలాంటి సీన్ పెట్టకూడదని కొందరు అంటారు. నా ఉద్దేశంలో ఆ ఒక్క సీన్ కోసమైనా సీరియల్ చూడాలి.

పాతసీరియల్

తెల్లకోటు గారూ, మీ మాట చదివాక ఆ సీన్ మళ్ళీ చూశాను. మీరన్నది నిజం, వినేవాళ్ళ మొహాలే అక్కడ నటన. సీరియల్ మొత్తం మీద నా అభిప్రాయం అలాగే ఉంది. ఈ సీన్‌కి మాత్రం నా దగ్గర మాట లేదు.

కత్తెర

ఆ సీన్ ఎందుకు పనిచేసిందో సాంకేతికంగా కూడా చెప్పుకోవచ్చు. మామూలు సీరియల్‌లో ఎడిటర్ మాట్లాడేవాళ్ళని చూపించి, అవసరమైనప్పుడు వినేవాళ్ళకి కట్ చేస్తాడు. ఎవరి మొహం ఎప్పుడు చూడాలో అతనే నిర్ణయిస్తాడు. గళ్ళలో అందరూ ఎప్పుడూ కనిపిస్తూనే ఉంటారు. నటించడానికి డైలాగ్ లేని నటుడు కూడా నిమిషాల తరబడి నటించాలి. మన కన్ను తనకి ఇష్టమైన గడికి వెళ్తుంది. జాజ్మిన్ మాట్లాడుతుంటే నేను ప్రదీప్‌నే చూశాను. మీరు ఇంకెవరినో చూసి ఉంటారు.

అలిసిపోవడానికి కారణం కూడా అదే. స్టాన్‌ఫర్డ్‌లో జెరెమీ బేలెన్‌సన్ 2021 ఫిబ్రవరిలో వీడియో మీటింగుల అలసట మీద ఒక వ్యాసం ప్రచురించారు. ఇన్ని మొహాలు మరీ దగ్గరగా మననే చూస్తున్నట్టు ఉండటం, మన మొహం మనకే కనిపిస్తూ ఉండటం, కుర్చీలోంచి కదలలేకపోవడం, తల ఊపడం లాంటి చిన్న సంజ్ఞలకి కూడా పనిగట్టుకుని శ్రమపడటం, ఇవీ ఆయన చెప్పిన కారణాలు. గోపి గారు చెప్పిన విసుగు మనసుకి సంబంధించింది మాత్రమే కాదు.

సుధ_విజయవాడ

ఆ రోజుల్లో తీసిన వాటిలో నాకు బాగా గుర్తున్నది ‘మిథిక్ క్వెస్ట్’ ప్రత్యేక ఎపిసోడ్, 2020 మేలో వచ్చింది. వీడియో గేమ్ కంపెనీలో పనిచేసేవాళ్ళ కథ. నలభై ఐఫోన్లతో తీశారట. పాపీ అనే అమ్మాయి ఒక్కతే ఉంటోంది. బాగానే ఉన్నానని అందరితో అంటూ అంటూ ఒకచోట ఏడ్చేస్తుంది. అవతల ఉన్న ఇయన్ కాల్‌లోంచి లేచి వెళ్ళిపోతాడు. కాసేపటికి ఆమె తలుపు చప్పుడవుతుంది. ఇద్దరూ కౌగిలించుకుంటారు. కత్తెర గారు తలుపు లేదన్నారు కదా, ఇక్కడ ఆ తలుపునే దాచిపెట్టి చివర్లో వాడారు.

దానికి ముందే ఏప్రిల్ 30న ‘పార్క్స్ అండ్ రిక్రియేషన్’ వాళ్ళు విరాళాల కోసం ఒక ప్రత్యేక ఎపిసోడ్ చేశారు. సీరియల్ అయిపోయి అయిదేళ్ళయింది. ఆకలితో ఉన్నవాళ్ళకి సాయంగా 28 లక్షల డాలర్ల దాకా పోగైంది. అందులో రాన్‌గా వేసిన నిక్ ఆఫర్‌మన్ గడిలోకి అతని పాత్ర మాజీ భార్య టామీ వచ్చేస్తుంది. ఆ వేషం వేసే మెగన్ ములల్లీ నిజజీవితంలో ఆయన భార్య, అందుకే ఒకే ఇంట్లో తీయగలిగారు.

రెండింటిలోనూ పాత్రలు మనకి ముందే తెలుసు. ‘కనెక్టింగ్...’కి ఆ వీలు లేదు. ముక్కూమొహం తెలియని మనుషులు మొదటిసారే గళ్ళలో వచ్చి, వీళ్ళు పాత స్నేహితులని మనం నమ్మాలి. ఆ పని వాళ్ళు ఎంతో కొంత సాధించారనే నేను అంటాను.

రాగమాలిక

మన వైపు నుంచి రెండు మూడు విషయాలు.

మొత్తం సినిమా కంప్యూటర్ తెర మీదే నడిపించి హిట్ కొట్టిన ‘సెర్చింగ్’ 2018లో వచ్చింది. దర్శకుడు అనీష్ చాగంటి అమెరికాలో పుట్టి పెరిగిన మన తెలుగు కుటుంబం కుర్రాడు. జాన్ చో హీరో, కూతురు కనిపించకుండా పోతే ఆమె లాప్‌టాప్‌లో వెతుకుతాడు. షూటింగ్ రెండు వారాల్లోపే అయిపోయింది, ఎడిటింగ్‌కి మాత్రం దాదాపు రెండేళ్ళు పట్టింది. కత్తెర గారు చెప్పిన కష్టం అక్కడ కనిపిస్తుంది.

మలయాళంలో మహేశ్ నారాయణన్ తీసిన ‘సీ యూ సూన్’ 2020 సెప్టెంబరు 1న ప్రైమ్‌లో వచ్చింది. ఫహద్ ఫాసిల్, రోషన్ మాథ్యూ, దర్శన రాజేంద్రన్. లాక్‌డౌన్‌లోనే, ఐఫోన్‌తో తీశారు. అంతకు ముందు ఏప్రిల్‌లో ప్రసూన్ పాండే ‘ఫ్యామిలీ’ అనే చిన్న చిత్రం చేశారు. అమితాబ్ నల్ల కళ్ళజోడు పోతే అందరూ వెతుకుతారు. చిరంజీవి, రజనీకాంత్, మమ్ముట్టి, మోహన్‌లాల్ ఎవరిళ్ళలో వాళ్ళే తీసుకున్న ముక్కల్ని ఒకే ఇంట్లో జరిగినట్టు కలిపారు. సినిమా కార్మికుల సాయం కోసం చేసింది అది.

తెర మీద మిస్టరీలు నిలబడ్డాయి, కామెడీ నిలబడటం కష్టమైంది. మిస్టరీకి మనిషి కనిపించకపోవడం, సగం సమాచారమే తెలియడం బలం. కామెడీకి మనుషులు ఒకరికొకరు అడ్డుపడాలి.

మరి తెలుగులో వీడియో కాల్స్ మీద ఒక మంచి కామెడీ సీరియల్ ఎందుకు రాలేదు? అడగాలనుకున్నది ఇదే.

డల్లాస్_గోపి

రాగమాలిక గారి ప్రశ్న చదివాక నాకు ఒకటి స్పష్టమైంది.

కామెడీ సీరియల్ ఏళ్ళ తరబడి నడవాలంటే ఆ చోటు శాశ్వతంగా ఉండాలి. ఒక ఆఫీసు, ఒక హోటలు, ఒక ఉమ్మడి ఇల్లు. ప్రతి వారం మనం అక్కడికి వెళ్ళాలనుకోవాలి. ‘కనెక్టింగ్...’లో అందరూ ఒకే ఊళ్ళో ఉన్నవాళ్ళు, నిన్నటిదాకా కలుసుకుంటూ ఉన్నవాళ్ళు. వాళ్ళకి వీడియో కాల్ అంటే పోగొట్టుకున్నదానికి బదులు వచ్చింది. ఇది ఎప్పుడు అయిపోతుందా అని పాత్రలూ ఎదురుచూస్తున్నాయి, చూసే మేమూ ఎదురుచూస్తున్నాం. అయిపోవాలని అందరూ కోరుకునే పరిస్థితి మీద సీరియల్ ఎన్నేళ్ళు నడుస్తుంది?

మనకి అలా కాదు. అమలాపురంలో అమ్మానాన్న, డల్లాస్‌లో కొడుకు, సిడ్నీలో కూతురు, బెంగళూరులో చిన్నవాడు. కరోనాకి చాలా ఏళ్ళ ముందు నుంచే మా కుటుంబాలు కాల్‌లోనే బతుకుతున్నాయి. పెళ్ళిచూపులు కాల్‌లో, బారసాల కాల్‌లో, సత్యనారాయణ వ్రతం కాల్‌లో. 2020 ఏప్రిల్‌లో వాట్సాప్ గ్రూపు వీడియోలో నలుగురికి బదులు ఎనిమిది మంది ఉండొచ్చని మార్చినప్పుడు మా ఇంట్లో పండగలా ఉంది. అంతకుముందు ఎవరో ఒకరు బయట ఉండాల్సి వచ్చేది. అదే సంవత్సరం థాంక్స్‌గివింగ్ రోజున జూమ్ వాళ్ళు ఉచిత కాల్స్‌కి 40 నిమిషాల హద్దు ఎత్తేశారు. అందరం కలిసి అంతసేపు కూర్చోవడం అదే మొదటిసారి.

కరోనా పోయింది. మా కాల్స్ పోలేదు, పోవు కూడా. కాబట్టి తెలుగులో ఇది తీస్తే మహమ్మారి అవసరమే లేదు. ఎన్ని సీజన్లయినా నడుస్తుంది.

తెల్లకోటు

గోపి గారూ, ఇది రాయాలి. ఎవరో ఒకరు నిజంగా రాయాలి.

తీరికవేళ

అయితే కత్తెర గారు చెప్పిన టైమింగ్ సమస్య కూడా కొంత తీరుతుంది. మన పెద్దవాళ్ళు కాల్‌లో ఆగి మాట్లాడరు. అవతల వినిపిస్తోందా లేదా చూడకుండా చెప్పుకుంటూ పోతారు. ఒకరి మాట మీద ఒకరు మాట్లాడటమే అక్కడ సహజం, దాన్నే కామెడీగా వాడొచ్చు. ఫోన్ ఎప్పుడూ నుదురు, ఫ్యాను మాత్రమే కనిపించేలా పట్టుకుంటారు. అది కూడా ప్రేమతో చూపించాలి, వాళ్ళని వెక్కిరిస్తున్నట్టు ఉండకూడదు.

పాతసీరియల్

ఒక షరతు. పాత్రలు ముందు. తండ్రికి కాల్ అంటే ఎందుకు ఇష్టం లేదు? పెద్దకొడుకు ఏం దాస్తున్నాడు? ఉద్యోగం పోయిందా? కూతురు అందరికన్నా ముందు ఎందుకు పెట్టేస్తుంది? ఇవి తేల్చుకున్నాకే గళ్ళ సంగతి.

సుధ_విజయవాడ

తల్లి పాత్ర నాకు ఇవ్వండి, రాస్తాను. ఆవిడ అందరినీ చూడటానికి కాల్ చేస్తుంది కానీ తన మోకాలి నొప్పి మాత్రం ఎవరికీ చెప్పదు. కుర్చీలోంచి లేవాల్సి వస్తే ముందు ఫోన్ పక్కకి తిప్పుతుంది. పిల్లలకి గోడ కనిపిస్తుంది.

కత్తెర

సుధ గారూ, ఆ గోడ షాట్ ఒక్కటే ఒక ఎపిసోడ్.

తీయాలనుకుంటే పద్ధతి చెప్తాను. ప్రతి ఒక్కరికీ రెండు ఫోన్లు ఉండాలి. ఒకటి కాల్ కోసం, అందులో అవతలివాళ్ళు కనిపిస్తారు, వినిపిస్తారు. రెండోది పక్కనే నిలబెట్టి రికార్డు చేయడానికి. కాల్‌ని స్క్రీన్ రికార్డు చేస్తే బొమ్మ పగిలిపోతుంది, మాట తెగిపోతుంది. చెవిలో ఇయర్‌ఫోన్ ఒకవైపు మాత్రమే, అది కూడా కనిపించకుండా. లేకపోతే అవతలివాళ్ళ గొంతు కూడా మీ రికార్డింగ్‌లో పడి తర్వాత విడదీయలేం. మొదట్లో అందరూ చప్పట్లు కొట్టాలి, వాటిని బట్టి దృశ్యాలు కలుపుతాను. కాల్‌లో ఆలస్యం ఉంటుంది కాబట్టి ఆ చప్పట్లు సరిగ్గా కలవవు, ఆ తేడా నేను సర్దుకుంటాను. ఫోన్లు అడ్డంగా పెట్టండి. కిటికీ వెనక కాకుండా ఎదురుగా ఉండాలి.

ఎపిసోడ్ పది నిమిషాలు దాటనివ్వకండి.

డల్లాస్_గోపి

మొదటి ఎపిసోడ్ నాకు దొరికింది. ఇక్కడ మార్చిలో గడియారం గంట ముందుకి, నవంబరులో గంట వెనక్కి జరుపుతారు. ఎండాకాలంలో ఇండియాకీ మాకూ పదిన్నర గంటల తేడా, చలికాలంలో పదకొండున్నర. నవంబరులో గడియారం మార్చాక వచ్చే తర్వాతి ఆదివారం అక్కడ పొద్దున ఎనిమిదిన్నరకి నాన్నగారు స్నానం చేసి, చొక్కా వేసుకుని, ఎప్పట్లాగే కాల్ చేస్తారు. ఇక్కడ శనివారం రాత్రి పది అనుకుంటారు, అసలు తొమ్మిదే. కొడుకు ఇంకా బయటే ఉన్నాడు, ఎక్కడ ఉన్నాడో తల్లిదండ్రులకి తెలియకూడదు. ఫోన్ మోగుతుంది.

రాయడం మొదలుపెడుతున్నాను. ఆదివారం ఇక్కడే పెడతాను, సుధ గారు తల్లి మాటలు చూడండి.